అన్నం తగ్గితే కనపడుద్ది, పప్పు తగ్గితే కనపడదు: మన జిల్లా జైళ్ళ తిండి లెక్క

శ్రీకాకుళం, విజయనగరం జిల్లా ఎడిషన్లలో అప్పుడప్పుడు ఒక నాలుగు లైన్ల వార్త వస్తూ ఉంటది, జడ్జి గారు సబ్ జైలుకి వెళ్ళారు, వంటగది చూశారు, భోజనం నాణ్యత పరిశీలించారు అని. అది చదివి టీ కొట్టు దగ్గర ఒకాయన అంటాడు, బయట కూలోడికి లేని తిండి లోపల దొంగోడికి పెడుతున్నారు అని. అదే వార్త, లోపల మనిషి ఉన్న ఇంట్లో ఇంకోలా చదువుతారు. ఏం పెడుతున్నారో, మనం క్యారేజీ పట్టుకెళ్తే తీసుకుంటారో లేదో, నాన్నకి షుగర్ కదా వేరే వండుతారో లేదో. ఈ రెండు మాటలకీ ఆ నాలుగు లైన్లలో జవాబు దొరకదు. "నాణ్యత పరిశీలించారు" అంటే ఏం చూసినట్టు, ఏం చూడనట్టు అన్నదే అసలు విషయం, దాని గురించే ఈ వ్యాసం.

క్లుప్తంగా

లోపల ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఇంకా శిక్ష పడలేదు. తిండి ఇంత పెట్టాలి అని రూల్ గ్రాముల్లో ఉంది, ఆ గ్రాములు కడుపు నింపడానికి సరిపోతాయి కానీ ఒంటికి సరిపోవాలంటే పప్పు, ఆకుకూర, గుడ్డు, నూనె కూడా పూర్తి తూకంతో పడాలి. తూకం తగ్గినా బయటపడనివి సరిగ్గా అవే. ఇంకా రాత్రి భోజనం టైము, తాగే నీళ్ళు, జబ్బున్న వాళ్ళకి వేరే డైట్, ఈ మూడూ చిన్న జైళ్ళలో కష్టమైన చోట్లు. వీటిని మార్చడానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఉన్న తనిఖీ వ్యవస్థ సరైన టైముకి సరైన చోట చూస్తే చాలావరకు తేలిపోద్ది.

ముందు, లోపల ఉన్నది ఎవరు

మన వైపు జైళ్ళంటే శ్రీకాకుళం దగ్గర అంపోలులో జిల్లా జైలు, విజయనగరం, బొబ్బిలి లాంటి ఊళ్ళలో సబ్ జైళ్ళు, పెద్ద శిక్షలు పడినవాళ్ళకి విశాఖ సెంట్రల్ జైలు. సబ్ జైల్లో ఎక్కువగా ఉండేది రిమాండ్ ఖైదీలే, అంటే కేసు నడుస్తున్నవాళ్ళు, తప్పు చేశారో లేదో కోర్టు ఇంకా తేల్చని వాళ్ళు. దేశం మొత్తం లెక్క చూసినా అంతే, జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 75.8 శాతం విచారణ ఖైదీలు, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు.

మన ప్రాంతానికి ఇంకో సంగతి కూడా ఉంది. ఏజెన్సీ నుంచి, ఒడిశా బోర్డర్ నుంచి వచ్చే గంజాయి కేసులు. సరుకు పెద్ద మొత్తంలో దొరికిన కేసుల్లో మాదకద్రవ్యాల చట్టం సెక్షన్ 37 అడ్డం పడుద్ది, బెయిల్ అంత తేలిగ్గా రాదు, దాంతో మూట మోసిన కుర్రోడైనా డ్రైవరైనా నెలలకి నెలలు లోపలే ఉంటాడు. పది రోజులకి ఎలాగోలా సర్దుకుపోయే తిండి వేరు, ఏడాది పాటు రోజూ తినే తిండి వేరు. పది రోజుల్లో లోపం బయటపడదు, ఏడాదిలో రక్తహీనతగానో, చిగుళ్ళ నుంచి రక్తంగానో, టీబీగానో బయటపడుద్ది.

రూల్ ఏం చెప్తుంది

జైళ్ళు రాష్ట్రం చేతిలో ఉండే అంశం. రాజ్యాంగం ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలో 4వ ఎంట్రీ. కానీ చాలా రాష్ట్రాల్లో పునాది మాత్రం 1894 నాటి జైళ్ళ చట్టమే, దాని మీద మన దగ్గర 1979 నాటి ఆంధ్రప్రదేశ్ జైళ్ళ రూల్స్. తెల్లదొరల కాలం ఆలోచన ఆ పాత చట్టంలో ఇంకా కనపడుద్ది. సెక్షన్ 46లో జైలు శిక్షల లిస్టులో "పీనల్ డైట్" అని ఒకటి ఉంది, అంటే తప్పు చేసిన ఖైదీకి తిండి తగ్గించడం, వరసగా 96 గంటలు మించకూడదు అని ఒక హద్దు పెట్టి. ఐక్యరాజ్యసమితి 2015లో ఒప్పుకున్న మండేలా రూల్స్ దీన్ని పూర్తిగా వద్దంటాయి, తిండీ నీళ్ళూ తగ్గించడాన్ని శిక్షగా వాడకూడదని 43వ రూల్ చెప్తుంది. 22వ రూల్ అయితే ఆరోగ్యానికీ బలానికీ సరిపోయే తిండి మామూలు భోజన వేళల్లో పెట్టాలి, తాగే నీళ్ళు ఎప్పుడు కావాలంటే అప్పుడు అందాలి అంటుంది. "మామూలు భోజన వేళల్లో" అన్న మాట గుర్తుపెట్టుకోవాలి, కింద దాని పని ఉంది.

క్యారేజీ సంగతికి వస్తే, అదే 1894 చట్టం సెక్షన్ 31 ప్రకారం శిక్ష పడని ఖైదీ బయటనుంచి తిండి కొనుక్కోవచ్చు, ఇంటినుంచి తెప్పించుకోవచ్చు, కాకపోతే తనిఖీకి, అధికారులు పెట్టిన షరతులకి లోబడి. ఆ షరతుల దగ్గరే అంతా ఆగిపోద్ది. వండిన కూరలో ఏది కలిపినా తెలీదు, గంజాయి, మాత్రలు, బ్లేడు ముక్క, సిబ్బంది భయం కూడా ఉత్తది కాదు, అందుకని ములాఖత్‌కి, అంటే ఖైదీని కలవడానికి, వెళ్ళినవాళ్ళ దగ్గర చాలా చోట్ల పళ్ళు, బిస్కెట్లు లాంటివే తీసుకుంటారు. లోపలి క్యాంటీన్‌లో కొనుక్కోవాలంటే ఇంటినుంచి డబ్బు రావాలి. డబ్బు పంపేవాళ్ళు లేని ఖైదీకి ప్రభుత్వం పెట్టే కంచం ఒక్కటే దిక్కు, మన ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఉంటారు, ఇంటివాళ్ళు ములాఖత్‌కి రావాలంటేనే ఒక రోజు కూలీ, బస్సు చార్జీ పోవాలి.

కోర్టులు కూడా ఈ విషయం ఎప్పుడో చెప్పాయి. అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైల్లో 1977లో జరిగిన ఒక హత్యకి నష్టపరిహారం అడిగిన కేసులో సుప్రీంకోర్టు 2000లో ఇచ్చిన తీర్పులో జైల్లో ఉన్నంత మాత్రాన మనిషికి 21వ అధికరణం కింద ఉన్న జీవించే హక్కు పోదు అని తేల్చింది. అది సబ్ జైలు కేసు, మన రాష్ట్రం కేసు. శిక్ష అంటే స్వేచ్ఛ పోవడం, కూడు పోవడం కాదు అన్నది అక్కడినుంచి వచ్చే మాటే.

కేలరీలు సరిపోతే తిండి సరిపోయినట్టేనా

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం ఎక్కువ ఒళ్ళు కదలని మగమనిషికి రోజుకి 2,110 కేలరీలు, ఓ మోస్తరు పని చేసేవాడికి 2,710 కావాలి. ప్రోటీన్ 54 గ్రాములు. ఇప్పుడు ఉదాహరణకి ఒక మనిషికి రోజుకి 600 గ్రాముల తెల్ల బియ్యం పడ్డాయి అనుకుందాం. ఆ బియ్యం ఒక్కటే సుమారు 2,130 కేలరీలు ఇచ్చేస్తుంది. అంటే కూర లేకపోయినా, పప్పు లేకపోయినా, కాగితం మీద కేలరీల గడి నిండిపోయినట్టే. ప్రోటీన్ కూడా 47 గ్రాములు చూపిస్తుంది, కానీ బియ్యం ప్రోటీన్‌లో లైసిన్ అనే భాగం తక్కువ, పప్పు తోడైతేనే అది ఒంటికి పూర్తిగా పనికొస్తుంది. ఐరన్ మగాళ్ళకి 19 మిల్లీగ్రాములు కావాలి, ఈ బియ్యంలో నాలుగు. కాల్షియం 1,000 కావాలి, బియ్యంలో 50 కూడా రాదు. విటమిన్ ఎ, సి దాదాపు సున్నా.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు, పైగా మన ప్రాంతానికి చాలా దగ్గర సంగతి. 1835లోనే మద్రాసు ఆర్మీ డాక్టర్ మాల్కమ్‌సన్ బెరిబెరి జబ్బు ఉత్తర సర్కారుల్లో ఎక్కువ అని రాశాడు, ఉత్తర సర్కారులంటే ఇప్పటి మన శ్రీకాకుళం, విజయనగరం కలిసిన కోస్తానే. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె ఆగి చనిపోయేవాళ్ళు. కారణం అప్పటికి ఎవరికీ తెలీదు. అది తేలింది జైళ్ళలోనే. 1890ల్లో జావాలో ఫోర్డర్‌మాన్ అనే డాక్టర్ సుమారు 100 జైళ్ళ రికార్డులు తిరగేశాడు, బాగా పాలిష్ పట్టిన బియ్యం పెట్టే జైళ్ళలో 39 మందికి ఒకరికి బెరిబెరి, తవుడు పోని బియ్యం పెట్టే జైళ్ళలో 10,000 మందికి ఒకరికి. మనుషులు అవే, గోడలు అవే, బియ్యం వేరు. అదే జావాలో బియ్యం మీద, కోళ్ళ మీద పని చేసిన ఐక్‌మాన్‌కి 1929లో నోబెల్ వచ్చింది. మన పోషకాహార సంస్థ కూడా 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధన చేసే చిన్న యూనిట్‌గానే మొదలైంది, 1958లో హైదరాబాద్ వచ్చింది. కడుపు నిండా అన్నం తింటూ కూడా మనిషి చచ్చిపోవచ్చు అని ప్రపంచానికి తెలిసింది జైలు కంచాల్లోంచి.

ఇప్పుడు బెరిబెరి అరుదు. ఇప్పటి భయం టీబీ. జైల్లో ఉన్నవాళ్ళకి బయటవాళ్ళకన్నా సుమారు 10 రెట్లు ఎక్కువ ముప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, ఇరుకు గది, గాలి ఆడకపోవడం ఒక కారణమైతే తిండి ఇంకో కారణం. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్ళల్లోవాళ్ళకి అదనంగా తిండి సరుకులు ఇచ్చి చూసిన ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి, సరుకులు అందిన ఇళ్ళలో కొత్తగా టీబీ వచ్చినవాళ్ళు 39 శాతం తగ్గారు. మందు కాదు, టీకా కాదు, తిండి. ఒక బ్యారక్‌లో ముప్పై మంది పక్కపక్కన పడుకునే చోట, వాళ్ళు మళ్ళీ బెయిల్ మీద ఊళ్ళోకి వచ్చే చోట, ఈ 39 శాతం ఎంత పెద్ద సంగతో చెప్పక్కర్లేదు. జైల్లో తిండికి పెట్టిన ఖర్చు జైలు గోడ దగ్గర ఆగిపోదు, రేపు ఆ మనిషి వెళ్ళే ఊరికి కూడా అందుద్ది.

కోత ఎక్కడ పడుద్ది

దేశంలో ఖైదీల మీద పెట్టే ఖర్చులో సుమారు సగం తిండికే పోతుంది. అంటే ఎక్కడ పొదుపు చెయ్యాలన్నా, ఎక్కడ చేతివాటం చూపించాలన్నా ముందు కళ్ళు పడేది ఇక్కడే. ఇది ఏ జైలు మీదా ఆరోపణ కాదు, ఏ సామూహిక వంటశాలకైనా, హాస్టల్‌కైనా, హాస్పిటల్‌కైనా వర్తించే లెక్క.

నలభై మంది ఉన్న సబ్ జైలు అనుకుందాం. మనిషికి 100 గ్రాముల కందిపప్పు అనుకుంటే రోజుకి నాలుగు కిలోలు వెయ్యాలి. బియ్యం ఒక కిలో తగ్గితే చివరి వరసలో కూర్చున్నవాళ్ళకి అన్నం చాలదు, వెంటనే గొడవ, సూపరింటెండెంట్ దాకా వెళ్ళుద్ది. అదే పప్పు ఒక కిలో తగ్గిస్తే? ఇంకో రెండు చెంబులు నీళ్ళు పోస్తారు, అందరికీ గరిటెడు వస్తుంది, ఎవరికీ తక్కువ కాలేదు. ఒక్కొక్కరికి 25 గ్రాముల పప్పు పోయింది, అంటే 5 గ్రాములకి పైనే ప్రోటీన్, రోజు మొత్తం కావాల్సినదాంట్లో పదో వంతు, అది కూడా బియ్యానికి తోడు కావాల్సిన అసలు ప్రోటీన్. నూనె కూడా అంతే, తాలింపులో ఎంత పడిందో కంచంలో చూసి చెప్పలేరు. కూరగాయల తూకం అయితే ఇంకా కష్టం, ఇరవై కిలోల ఆనపకాయ వచ్చింది అని రాస్తారు, తొక్క తీశాక, ముదిరింది పారేశాక ఎంత మిగిలిందో ఎవరూ రాయరు. టమాటా రేటు పెరిగిన నెలలో ఏ కూర రావాలో ఆ కూర కాకుండా మార్కెట్లో చవగ్గా ఉన్నదే రోజూ వస్తుంది, నెలంతా బంగాళదుంప, దోసకాయ, ఆకుకూర కనపడదు. టెండర్ ఏడాదికి ఒకసారి ఒక రేటుకి పడుద్ది, మార్కెట్ మాత్రం వారానికోసారి మారుద్ది, ఆ తేడాని ఎవరో ఒకరు భరించాలి, కాంట్రాక్టర్ భరించకపోతే కంచం భరిస్తుంది.

అందుకే తనిఖీకి వెళ్ళినవాళ్ళు అన్నం మెతుకు పట్టుకుని ఉడికిందా లేదా చూసి, సాంబారు చుక్క నాలిక మీద వేసుకుంటే అది రుచి చూడడం అవుద్ది, తూకం చూడడం అవ్వదు. తూకం చూడాలంటే వంటకి ముందు స్టోర్ రూమ్ దగ్గర కాటా ముందు నిలబడాలి. ఆ రోజు పొద్దున ఎంతమంది ఉన్నారు, ఎంత పప్పు బయటికి తీశారు, రిజిస్టర్‌లో ఎంత రాశారు, ఈ మూడు అంకెలు పక్కపక్కన పెడితే పది నిమిషాల పని.

ఇంకో చిన్న చిక్కు, చిన్నది అనిపిస్తుంది కానీ లోపలికి కొత్తగా వెళ్ళినవాడికి పెద్దదే. సరుకు తీసేది పొద్దున్నే లెక్క ప్రకారం. కోర్టు రిమాండ్ వేసి, కాగితాలు పూర్తయి, పోలీసులు మనిషిని జైలు గేటు దగ్గర దించేసరికి సాయంత్రం అవుద్ది, ఒక్కోసారి చీకటి పడుద్ది. అప్పటికి వంట అయిపోయింది, వడ్డన కూడా అయిపోయింది. పొద్దున పోలీస్ స్టేషన్‌లో ఏం తిన్నాడో తెలీని మనిషికి ఆ మొదటి రాత్రి ఏం పెడతారు అన్నదానికి అదనపు లెక్క ఉండాలి, రెండు మూడు కంచాలు ఎక్కువ వండే ఏర్పాటు ఉండాలి. పెద్ద జైల్లో ఇద్దరు ఎక్కువైతే సర్దుబాటు అవుద్ది, ముప్పై మంది జైల్లో ఒకేసారి ఆరుగురు వస్తే అవ్వదు.

సాయంత్రం అయిదింటి భోజనం

మన జైళ్ళలో పొద్దుగూకే వేళకి బ్యారక్‌లకి తాళం వేసేస్తారు. కాబట్టి రాత్రి భోజనం దానికి ముందే, చాలా చోట్ల అయిదు, అయిదున్నరకి ఇచ్చేస్తారు. మళ్ళీ తినేది పొద్దున ఏడింటికి. అంటే దాదాపు పద్నాలుగు గంటల గ్యాప్. చాలామంది అప్పుడే తినరు, తట్టలో పెట్టుకుని ఎనిమిదికో తొమ్మిదికో తింటారు, అది మనిషి అలవాటు, తప్పు కాదు.

ఇక్కడే ఫుడ్ సేఫ్టీ సమస్య మొదలవుద్ది. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తనాలు ఉడికినా చావవు. అన్నం 60 డిగ్రీల పైన వేడిగా ఉన్నంతసేపు అవి కదలవు, గోరువెచ్చగా అయ్యి గంటల తరబడి అలాగే ఉంటే మొలకెత్తి విషం తయారు చేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. మన శ్రీకాకుళం మే నెల ఉక్కలో మూసిన తట్టలో నాలుగు గంటలు ఉన్న అన్నం ఎలా ఉంటదో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. వాంతులు అయితే "ఒంట్లో బాలేదు" అంటారు, రాత్రిపూట డాక్టర్ ఉండడు, సబ్ జైలుకి డాక్టర్ దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రి నుంచి వచ్చిపోయేవాడే ఎక్కువ.

షుగర్ ఉన్నవాళ్ళకి ఇది ఇంకా ప్రమాదం. సాయంత్రం ఇన్సులిన్‌కీ మాత్రకీ తిండి టైము కలవాలి. అయిదింటికి తిని, మాత్ర ఎనిమిదింటికి వేసుకుని పడుకుంటే తెల్లారగట్ల షుగర్ పడిపోద్ది, తాళం వేసిన గదిలో పక్కవాడు లేచి కేకేస్తే తప్ప ఎవరికీ తెలీదు. దీనికి పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు. తాళం వేసే టైము మార్చలేకపోతే భోజనం ఆ చివరి అరగంటలో వేడిగా ఇవ్వడం, రాత్రికి నిలవుండే వేరుశనగ ఉండో అరటిపండో చేతికివ్వడం, షుగర్ ఉన్నవాళ్ళ పేర్లు రాత్రి డ్యూటీ వార్డర్ దగ్గర ఉండడం. మండేలా రూల్స్‌లో "మామూలు భోజన వేళ" అన్న మాట ఎందుకు పెట్టారో ఇక్కడ అర్థమవుద్ది.

నీళ్ళు

2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం వచ్చి మనుషులు పోయారు, అది ఇంకా ఎవరూ మర్చిపోలేదు. ఊరికి ఏ నీళ్ళు వస్తాయో ఆ ఊళ్ళో ఉన్న జైలుకీ మామూలుగా అవే నీళ్ళు. తేడా ఏంటంటే బయటివాడు అనుమానం వస్తే క్యాన్ కొనుక్కుంటాడు, కాచుకుంటాడు, లోపలివాడికి ఆ వీలు లేదు. కుళాయి చివర నీళ్ళలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, చుక్క మందు వేసి రంగు చూసే చిన్న కిట్‌తో నిమిషంలో తేలిపోయే పరీక్ష. ట్యాంకు దగ్గర కాదు, ఖైదీ తాగే కుళాయి దగ్గర చెయ్యాలి, వానాకాలంలో రోజూ చెయ్యాలి.

ఉద్దానం వాడికీ మన్యం వాడికీ ఒకే కంచం కుదరదు

శ్రీకాకుళం జిల్లాలో జైలు డైట్ గురించి మాట్లాడేటప్పుడు కిడ్నీ జబ్బు పక్కన పెట్టి మాట్లాడలేం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు, అంటే ఉద్దానం ఊళ్ళలో ఈ జబ్బు ఎంత ఉందో తెలిసిందే, పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి పెట్టాల్సి వచ్చింది. ఆ ఊళ్ళ నుంచి ఎవరైనా రిమాండ్‌లోకి వస్తే, కొంతమందికి తమకి జబ్బు ఉందని కూడా తెలీదు, మొదటి దశల్లో నొప్పి ఉండదు. కిడ్నీ జబ్బు ముదిరినవాడికి ఉప్పు తగ్గాలి, ప్రోటీన్ డాక్టర్ చెప్పిన మేరకే ఉండాలి, కొందరికి కొబ్బరి నీళ్ళు, అరటిపండు కూడా కుదరవు. ఇందాక పైన పప్పు తగ్గకూడదు అన్నాం కదా, ఇక్కడ అదే పప్పు లెక్క పెట్టి ఇవ్వాలి. కాబట్టి "అందరికీ ఎక్కువ పెట్టండి" అన్న డిమాండ్ సరైంది కాదు, లోపలికి వచ్చిన రోజే బీపీ, షుగర్, క్రియాటినిన్ పరీక్ష చేసి దాన్నిబట్టి డైట్ రాయాలి, ఆ రాసింది వంటగది గోడ మీద ఉండాలి.

ఏజెన్సీ వైపు నుంచి వచ్చే సవర, జాతాపు వాళ్ళది ఇంకో సంగతి. వాళ్ళు ఇంట్లో తినేది చోళ్ళు (రాగులు), సామలు, కొర్రలు, చోడి అంబలి. జైలు అన్నం మీద ఒక్కసారిగా పడతారు. 100 గ్రాముల చోళ్ళలో 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటది, అదే బియ్యంలో పది కూడా లేదు. పొద్దున్న టిఫిన్‌గా చోడి అంబలి వారానికి మూడు రోజులైనా పెడితే ఖర్చు పెద్దగా పెరగదు, సరుకు పార్వతీపురం, సాలూరు వైపు నుంచే దొరుకుద్ది, వండడం కూడా సులువు. కొండ ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు ఉన్నవాళ్ళు ఉంటారు కాబట్టి వాళ్ళకి నీళ్ళు సరిగ్గా అందకపోతే నొప్పులు వస్తాయి, అది కూడా డైట్ కార్డులో ఉండాల్సిందే.

ఆడవాళ్ళ విషయం వేరే వ్యాసం అంత ఉంది, ఇక్కడ ఒక్క మాట. కడుపుతో ఉన్నామెకి రోజుకి 350 కేలరీలు, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు 600 కేలరీలు అదనంగా కావాలి. తల్లితో పాటు ఆరేళ్ళ లోపు పిల్లలు జైల్లో ఉండొచ్చు, ఆ పిల్లల గురించి 2006లో ఆర్‌.డి. ఉపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. పిల్లకి వేరే డైట్, తల్లి తినిపించడానికి వేరే గిన్నె, పరీక్ష చేసిన తాగునీళ్ళు అని అంత వివరంగా చెప్పింది. పిల్ల ఖైదీ కాదు అన్నది ఆ తీర్పు గుండెకాయ.

బడి భోజనంతో పోల్చి చూస్తే

బడిలో మధ్యాహ్న భోజనం కూడా ఇలాంటి సామూహిక వంటే. 2013 జులైలో బీహార్‌లోని ఒక బడిలో పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, ఆ తర్వాత పిల్లలకి పెట్టే ముందు టీచర్ తిని చూడాలి, తిన్నట్టు రిజిస్టర్‌లో రాయాలి అన్న రూల్ గట్టిగా అమలు చెయ్యడం మొదలైంది. మన రాష్ట్రంలో బడి పిల్లలకి గుడ్డు, చిక్కీ, రాగిజావ ఏ రోజు ఏది అని గోడ మీద రాసి ఉంటది, ఆ రోజు గుడ్డు రాకపోతే పిల్ల ఇంటికెళ్ళి చెప్తుంది, అమ్మ మర్నాడు బడికి వచ్చి అడుగుద్ది. పర్యవేక్షణ అంటే అదే. జైల్లో లేనిది కూడా అదే, సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పేవాళ్ళు ఉండరు, ములాఖత్‌లో పక్కన సిబ్బంది ఉండగా పప్పు గురించి ఎవరు మాట్లాడతారు. అందుకే బయటి కళ్ళు బడికన్నా జైలుకే ఎక్కువ కావాలి.

చెయ్యగలిగిన చోట చేశారు కూడా. ఉత్తరప్రదేశ్‌లో ఫతేగఢ్ జిల్లా జైలుకి 2022లో ఆహార భద్రత సంస్థ నుంచి అయిదు స్టార్ల రేటింగ్ వచ్చింది, అది సెంట్రల్ జైలు కాదు, జిల్లా జైలు. కేరళ జైళ్ళలో ఖైదీలు చేసిన చపాతీలు బయట జనం కొనుక్కుని తింటున్నారు. బయటివాడు డబ్బిచ్చి కొనే వంట జైలు వంటగదిలో అవుతుంటే అక్కడ శుభ్రం దానంతటదే వస్తుంది. ఇంకో విషయం, 2006 ఆహార భద్రత చట్టంలో "ఫుడ్ బిజినెస్" అంటే లాభం కోసమైనా కాకపోయినా, ప్రైవేటైనా ప్రభుత్వమైనా అని రాసి ఉంది, జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ హోటళ్ళలో శాంపిల్ తీసినట్టే జైలు వంటగదిలో నూనె, పసుపు, కారం శాంపిల్ తియ్యడానికి అడ్డేమీ లేదు.

గరిటె ఎవరి చేతిలో

వంట చేసేది చాలా జైళ్ళలో ఖైదీలే. ఎవరు వండాలి అన్నదాంట్లో కొన్ని రాష్ట్రాల మాన్యువల్స్‌లో కులం మాట ఇన్నాళ్ళూ ఉండిపోయింది, వంటకి ఫలానా కులం, పాకీ పనికి ఫలానా కులం అని. 2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ కూడా తీసెయ్యమంది. తిండి భద్రత వైపు నుంచి చూసినా ఈ తీర్పు ముఖ్యం, ఎందుకంటే వంటకి మనిషిని ఎంచుకోవాల్సింది చేతులు చూసి. గోళ్ళు, చర్మవ్యాధి, దగ్గు, విరేచనాలు ఉన్నాయా లేవా, టైఫాయిడ్ పరీక్ష అయిందా. వంటవాడు బెయిల్ మీద వెళ్ళిపోతే మర్నాడు కొత్తవాడు వస్తాడు, సబ్ జైల్లో ఇది తరచుగా జరిగేదే, కాబట్టి ఒక్కరికి కాదు నలుగురైదుగురికి ఎప్పుడూ శిక్షణ ఇచ్చి ఉంచాలి.

బయటినుంచి ఏం అడగొచ్చు

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి జైలుకి వెళ్ళి చూసే పని ఉంది, ఖైదీ ఇంటివాళ్ళు దానికి కాగితం రాస్తే పైసా ఖర్చు లేదు, 15100 నంబర్‌కి ఫోన్ చేసినా చాలు. జైలు సందర్శకుల బోర్డులో అధికారులతో పాటు అధికారులు కాని బయటి సభ్యులకీ చోటు ఉంది, డైట్ తెలిసిన రిటైర్డ్ నర్సో, హోమ్ సైన్స్ టీచరో ఆ చోట్లో ఉంటే తనిఖీ తీరే మారుద్ది. సమాచార హక్కు కింద డైట్ స్కేలు, ఏడాది టెండర్ రేట్లు, నెలవారీ సరుకు ఖర్చు, సందర్శకుల పుస్తకంలో రాసిన రిమార్కులు అడగొచ్చు, మామూలుగా 30 రోజుల్లో ఇవ్వాలి, మనిషి ప్రాణానికి సంబంధించిన సంగతైతే 48 గంటల్లో. షుగరో కిడ్నీ జబ్బో ఉన్న మనిషికి ఏ డైట్ ఇస్తున్నారు అని ఇంటివాళ్ళు అడగడం ఈ రెండో కోవలోకే వస్తుందని గట్టిగా వాదించొచ్చు. పాత మందుల చీటీ జిరాక్స్ మొదటి ములాఖత్ రోజే జైలు డాక్టర్ పేరు మీద ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుంటే తర్వాత చాలా పని తప్పుద్ది.

తనిఖీకి వెళ్ళేవాళ్ళ దగ్గర అడగాల్సింది టైము గురించి. పొద్దున పదకొండుకి వెళ్తే పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు కనపడుద్ది, అప్పటికి తూకం అయిపోయి ఉంటది. ఒకసారి ఆరింటికి, స్టోర్ తలుపు తీసేటప్పుడు వెళ్ళాలి. ఇంకోసారి సాయంత్రం, తాళాలు వేశాక, ఆ రోజు కోర్టు నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు వెళ్ళి, వీళ్ళకి ఈ రాత్రికి అన్నం ఉందా అని అడగాలి.